ఇసుక మీద జాకీ నిలవాలంటే

మైపాడు కానీ కోడూరు కానీ తూపిలిపాళెం కానీ, పాత నెల్లూరు జిల్లా తీరానికి దాదాపు ఒకటే వరస. హైవే మీద నుంచి తూర్పుకు తిరిగితే ముందు వరి పొలాలు, తర్వాత రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, కాలువ దాటాక సరుగుడు తోటలు, ఇసుక, సముద్రం. కారులో వచ్చినవాళ్లు తారు ఉన్నంత వరకే వస్తారు. ట్రావెలర్ లాంటి పెద్ద వ్యానులో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించుకుని వచ్చినవాళ్లకు ఇంకో అర కిలోమీటరు లోపలికి పోయి సరుగుడు నీడన ఆగాలని ఉంటుంది. టైరు దిగబడేదీ, పంక్చరయ్యేదీ ఆ అర కిలోమీటరులోనే. ఆలిచిప్పలు, తుమ్మముళ్లు, నరికేసిన సరుగుడు మొదళ్లు అక్కడ కావలసినన్ని.

ఇలాంటి బండికి జాకీ కొనబోతే షాపతను అడిగే మొదటి మాట, ఎన్ని టన్నులది కావాలని. మనమూ భయంకొద్దీ 20 టన్నులది ఇమ్మంటాం. లెక్క వేస్తే అంత అక్కర్లేదు. సామానుతో, మనుషులతో, 200 లీటర్ల నీళ్లతో కలిపి బండి 4500 కిలోలు తూగిందనుకుందాం. వెనక ఇరుసు మీద 2700 పడితే ఒక్కో పక్కకు 1350. జాకీ ఎత్తేది బండి మొత్తాన్ని కాదు, ఆ ఒక్క మూలనే. 5 టన్నుల బాటిల్ జాకీకి ఇది తేలిక పని. 20 టన్నులదైతే బరువెక్కువ, మూసి ఉన్నప్పుడు ఎత్తూ ఎక్కువే. టైరు పూర్తిగా కూర్చున్నాక ఇరుసు కింద దూరదు.

అసలు లెక్క జాకీ అడుగున ఉంది. బాటిల్ జాకీ పాదం దాదాపు 12 సెంటీమీటర్ల చదరం. 1350 కిలోలు దాని మీద పడితే చదరపు సెంటీమీటరుకు తొమ్మిది కిలోలకు పైగా ఒత్తిడి. గాలి నిండుగా ఉన్న వ్యాను టైరు నేలను నొక్కేది అందులో సగం కూడా ఉండదు. టైరునే మోయలేకపోయిన ఇసుక జాకీని మోస్తుందా? రాడ్డు కొడుతుంటే బండి లేవదు, జాకీ దిగుతుంది. అదే జాకీ కింద 40 సెంటీమీటర్ల చదరం పలక వేస్తే ఒత్తిడి కిలో లోపుకు వస్తుంది. రొయ్యల గుంటల గట్ల మీద బండ్లు తిప్పే డ్రైవర్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. 'జాకీ తర్వాత, ముందు చెక్క తే' అన్నది అక్కడి పద్ధతి.

ఆ పలక ఎలాంటిదన్నదీ చూసుకోవాలి. పల్చటి ప్లైవుడ్ ముక్క నడుమ వంగి పళ్లెంలా అవుతుంది, బరువంతా మళ్లీ మధ్యలోనే పడుతుంది. అంగుళం మందం మెరైన్ ప్లై రెండు పొరలు అతికించి బోల్టులు బిగిస్తే చాలు, అయిదు కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. పైన చిన్న ఇనుప రేకు వేస్తే జాకీ పాదం చెక్కలోకి దిగదు. నా మటుకు నేను ఖరీదైన జాకీ కంటే ముందు ఈ పలకకే డబ్బులు పెడతాను.

ఇసుకలో ఇంకో తమాషా ఉంది. జాకీ దూరకపోతే గుంట తవ్వుకోవచ్చు, కాబట్టి మూసినప్పటి ఎత్తు ఇక్కడ అంత బాధ పెట్టదు. తారు రోడ్డు మీద మాత్రం పెడుతుంది. ఇసుకలో ఇబ్బంది పెట్టేది పైకి లేచే ఎత్తు చాలకపోవడం. జాకీ పొడుగు 12 సెంటీమీటర్లు సాగితే, పలక సర్దుకోవడానికే నాలుగైదు పోతాయి. ఛాసిస్ కింద పెట్టారా, స్ప్రింగు పట్టీలు కిందికి సాగినంతసేపూ చక్రం నేలను వదలదు. అందుకే ఇరుసు కిందే పెట్టాలి. జాకీ తల మీద మర తిప్పి పైకి లాగే స్క్రూ ఉన్నది చూసి కొనాలి.

విదేశీ వీడియోల్లో కనిపించే పొడవాటి హై-లిఫ్ట్ జాకీ మీద చాలామందికి మోజు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బ్లూమ్‌ఫీల్డ్‌లో 1905 నుంచి చేస్తున్న పాత సరుకు అది. గట్టి ఇనుప బంపరున్న జీపుకు దాన్ని మించింది లేదు. మన వ్యాన్లకు దాన్ని తగిలించే చోటే ఉండదు, రేకు చిరుగుతుంది. పైగా పిడి చేయిజారితే దవడ పగలగొడుతుంది.

ఇసుకకు పుట్టినట్టుండేది సంచీ జాకీ. సైలెన్సర్ పొగతో ఉబ్బే రబ్బరు బస్తా అది. 70 సెంటీమీటర్ల అడుగు ఉంటే పలక కూడా అక్కర్లేదు. కానీ 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండికి పొగగొట్టం మూయడం మంచిది కాదు, కంప్రెసర్‌తో నింపే రకం తీసుకోవాలి. పైనా కిందా రబ్బరు మ్యాట్ వేయకపోతే ఆలిచిప్పలకు అదీ పంక్చరే. నిండాక బండి అటూ ఇటూ ఊగుతుంది కూడా.

ఊగడం గురించే ఇంకో మాట. గేరులో వేశాం కదా, కదలదులే అనుకుంటారు. వెనక చక్రం ఒకటి గాలిలోకి లేస్తే గేరు బండిని ఆపదు, లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగాలి, మిగతా చక్రాల ముందూ వెనకా ఇసుక తవ్వి పలకలు దిగేయాలి. రాయి పెడితే ఇసుకలోకి పోతుంది. విప్పిన టైరును ఛాసిస్ కిందికి తోసి ఉంచితే జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

పులికాట్ వైపు ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు. ఎండాకాలం సరస్సు ఎండి నేల నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది. ఆ పెంకు కింద బురదే. అది అభయారణ్యం కూడా, బండి దించకూడదు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీదికీ బండి తీసుకుపోవద్దు. సరుగుడు తోటల్లోనే ఆగితే సరిపోతుంది.

ఉప్పుగాలికి జాకీ లోపలి కడ్డీ తుప్పు పడితే సీలు కోసుకుపోతుంది. ఇంటికొచ్చాక తుడిచి, కడ్డీ పూర్తిగా కిందికి దించి పెట్టాలి. నూనె తగ్గితే హైడ్రాలిక్ ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

చాలాసార్లు జాకీ తీయకుండానే బయటపడొచ్చు. ఇసుకలోకి దిగేముందే టైర్లలో గాలి సగానికి తగ్గించండి, తారెక్కేముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉంచుకోండి. ఛాసిస్ ఇసుకకు ఆనిందంటే మాత్రం జాకీతో గంటలు వృథా. పడవలను లాగే ట్రాక్టరు కోసం మత్స్యకారుల ఊళ్లోకి మనిషిని పంపడం మేలు. అది వచ్చేలోపు చక్రాల ముందు ఇసుక తీసేసి, టోయింగ్ హుక్ బిగించి ఉంచాలి. హుక్ ఎక్కడ పెట్టామో రాత్రి పూట టార్చి వేసి వెతుక్కోకుండా జాకీ రాడ్డుతో కలిపి కట్టుకుంటే మంచిది.