ఉత్తరం ఎక్కడ ఆగింది?

ఈమెయిలు పంపే చిన్న ప్రోగ్రాము రాయబోయి ఆరుసార్లు ఓడిపోయిన ఒక అనువాదకురాలి అనుభవం

మా మావయ్య తెనాలిలో ముప్పయి నాలుగేళ్లు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏటా ఉగాదికి తన పూర్వ విద్యార్థులకు ఒక ఉత్తరం రాయడం ఆయన అలవాటు. ఒకప్పుడు ఇన్లాండు ఉత్తరాలు, తరువాత ఈమెయిలు. జాబితాలో 112 మంది ఉన్నారు. చిరునామాలన్నీ ఒకే వరుసలో పెట్టి పంపడం ఆయనకు ఇష్టముండదు. ఒకరి చిరునామా మరొకరికి తెలిసిపోతుందన్నది ఒక కారణం. "అందరికీ కలిపి రాసేది నోటీసు అవుతుంది, ఉత్తరం కాదు" అన్నది రెండవ కారణం. అందుచేత ఎవరి పేరు వారికి పెట్టి విడివిడిగా పంపేవారు. ఆ పనికి నాలుగు రాత్రులు పట్టేది.

మొన్నటి ఉగాదికి పది రోజుల ముందు ఆయన కంటికి శుక్లం ఆపరేషను జరిగింది. కంప్యూటరు ముందు కూర్చోవద్దని డాక్టరు గారు చెప్పారు. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది.

"అమ్మాయ్, ఈ ఏటికి ఉత్తరాలు నువ్వే పంపాలి. పండుగ దాటకూడదు సుమా!"

"మీరు నిశ్చింతగా ఉండండి మావయ్యా" అన్నాను. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషను కొత్తగా నేర్చుకుంటున్న రోజులవి. పేర్ల జాబితాను చదివి, ఒక్కొక్కరికి ఉత్తరం పంపే ప్రోగ్రాము ఇరవై పంక్తులలో అయిపోతుందని ఒక పాఠంలో చదివాను. ఒక్క సాయంత్రం చాలుననుకున్నాను. ఎనిమిది రోజులు పట్టింది.

మొదటి రెండు రోజులు నేను చేసిన పని తలచుకుంటే ఈనాటికీ సిగ్గు కలుగుతుంది. ప్రోగ్రాము నడపగానే తెర నిండా ఎర్రని అక్షరాలు వచ్చేవి. వాటిని చదవకుండానే తుడిచివేసి, ఏదో ఒక పంక్తి మార్చి మళ్లీ నడిపేదాన్ని. పరాయి భాషలోని వాక్యాన్ని పదం పదం విప్పి చదవడమే నా జీవనాధారం. ఆ ఎర్రని వాక్యాలు కూడా ఎవరో ఒకరు ఆలోచించి రాసినవేనన్న సంగతి మూడవ రోజున గాని నాకు తట్టలేదు.

సర్వర్ల మర్యాద

తప్పును వెతకడానికి ముందు సవ్యంగా జరిగే పని ఎలా ఉంటుందో తెలియాలి. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరంలో రే టాంలిన్‌సన్ అనే ఇంజనీరు పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, నెట్‌వర్కు ద్వారా మొదటి ఈమెయిలు పంపారు. పేరుకూ, యంత్రానికీ నడుమ "ఎట్" గుర్తును నిలిపినదీ ఆయనే. తరువాత, 1982 ఆగస్టులో, జాన్ పోస్టెల్ ఉత్తరాల రవాణాకు ఒక నియమావళిని ప్రకటించారు. దాని పేరు ఎస్‌ఎమ్‌టీపీ. సవరణలు పొందుతూ నేటికీ అదే అమలులో ఉన్నది.

ఆ నియమావళి ప్రకారం ఉత్తరం పంపడమంటే రెండు యంత్రాల మధ్య మర్యాదగా సాగే సంభాషణ. ముందుగా సర్వరు "220, సిద్ధంగా ఉన్నాను" అంటుంది. మన ప్రోగ్రాము "హెలో, నేను ఫలానా" అని బదులు పలుకుతుంది. ఇంగ్లీషు "హలో"ను నాలుగు అక్షరాలకు కుదించగా వచ్చిన మాట అది. "250, సరే" అంటుంది సర్వరు. ఉత్తరం ఎవరి నుండి, ఎవరికి అన్నవి వరుసగా చెప్పాలి. ప్రతిసారీ "250". ఇక విషయం చెబుతానంటే, "354, చెప్పండి; ముగిశాక ఒక పంక్తిలో చుక్క ఒక్కటే పెట్టండి" అంటుంది. చుక్క పెట్టగానే మరొక "250". సెలవు తీసుకుంటే "221".

ఈ సంఖ్యలలో మొదటి అంకెను గుర్తుపెట్టుకుంటే చాలు. 2 అంటే పని జరిగింది. 3 అంటే ఇంకా చెప్పండి. 4 అంటే ఇప్పుడు కుదరదు, కాసేపాగి రండి. 5 అంటే ఇలా అయితే కుదరనే కుదరదు, ఏదైనా మార్చుకుని రండి. ఉత్తరం ఆగిపోతే, ఈ సంభాషణ ఏ మాట దగ్గర తెగిందో చూడాలి. రోగం అక్కడే ఉంటుంది.

పేరు తెచ్చిన తంటా

నా మొదటి ఓటమిలో సంభాషణ మొదలు కానేలేదు. ఉత్తరాలు పంపడానికి పైథాన్‌తోపాటే వచ్చే గ్రంథాలయం ఒకటున్నది. దాని పేరు ఎస్‌ఎమ్‌టీపీలిబ్. ఆ గ్రంథాలయం "సగమే సిద్ధమైనదనీ", అందులో నేను కోరిన సాధనం లేదనీ చివరి పంక్తి చెప్పింది. లోకమంతా వాడే గ్రంథాలయం సగం సిద్ధం కావడమేమిటి?

నేను నా ఫైలుకు "ఈమెయిల్" అని పేరు పెట్టాను. పైథాన్‌లో అదే పేరు గల మరొక గ్రంథాలయం ముందే ఉన్నది. ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌కు దాని సహాయం కావాలి. పైథాన్ ఏ పేరునైనా మొదట మన ఫైలు ఉన్న చోటనే వెతుకుతుంది. దాంతో అసలు గ్రంథాలయానికి బదులు నా ఫైలు దొరికింది. అది మళ్లీ ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌ను పిలిచింది. అదేమో ఇంకా తయారవుతూనే ఉన్నది. ఒకే పేరున్న ఇద్దరు ఒకే వీధిలో ఉంటే పోస్ట్‌మ్యాను పడే అవస్థ వంటిది ఇది. ఫైలు పేరు "ఉగాది" అని మార్చగానే చిక్కు విడిపోయింది.

ఊరు, ద్వారం

రెండవసారి "గెట్ అడ్రస్ ఇన్ఫో" విఫలమైందన్న వాక్యం వచ్చింది. సర్వరు పేరును బట్టి దాని సంఖ్యా చిరునామాను కనుగొనలేకపోయానని దాని అర్థం. ఇంటర్నెట్టు ఉన్నది, పేరులోనూ తప్పు కనిపించలేదు. చివరకు చూస్తే, ఎక్కడి నుండో తెచ్చి అతికించిన పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి చేరింది. మావయ్యకు చెబితే నవ్వి, "ప్రూఫులు దిద్దేవాడికి ఖాళీ కూడా అక్షరమేనమ్మా" అన్నారు.

మూడవసారి ఏ వాక్యమూ రాలేదు. చాలాసేపు నిశ్శబ్దం, ఆపైన "గడువు ముగిసింది" అన్న సందేశం. ఒక సర్వరుకు అనేక ద్వారాలుంటాయి. వాటిని పోర్టులంటారు; ప్రతిదానికీ ఒక సంఖ్య. పాత పాఠంలో చూసి నేను 25వ ద్వారం తట్టాను. అయాచితపు ఉత్తరాల బెడద వలన ఇళ్లకు ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థలు చాలావరకు ఆ దారిని మూసివేస్తాయి. ఇంటి నుండి ఉత్తరం అప్పగించడానికి వాడవలసినవి 587 గాని, 465 గాని.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. "నిరాకరించబడింది" అన్న జవాబు వెంటనే వస్తే యంత్రం దొరికింది, ఆ ద్వారం వద్ద పలికేవారు లేరని సాధారణంగా అర్థం. ఎంతకూ జవాబు రాకపోతే దారిలోనే ఎవరో అడ్డుకుంటున్నారని అనుమానించాలి.

తప్పుదారి పట్టించిన మాట

నాలుగవ ఓటమి నాకు ఒక రోజంతా ఖర్చు పెట్టించింది. ఈసారి చివరి పంక్తి "వెర్షను సంఖ్య తప్పు" అన్నది. నా పైథాన్ పాతదైపోయిందనుకున్నాను. దాన్ని తీసివేసి కొత్తది పెట్టాను; మళ్లీ అదే వాక్యం. దానికంటె పాతది పెట్టి చూశాను, అప్పుడూ అదే.

అసలు సంగతి వేరు. 465వ ద్వారం వద్ద మొదటి మాట నుండే రహస్యభాషలో మాట్లాడాలి. 587వ ద్వారం వద్ద ముందు బాహాటంగా పలకరించుకుని, "స్టార్ట్ టీఎల్ఎస్" అన్న ఆదేశంతో రహస్యభాషలోకి మారాలి. నేను 587కు వెళ్లి 465 పద్ధతి పాటించాను. సర్వరు తన అలవాటు ప్రకారం 220 అంటూ బాహాటంగా పలకరించింది. రహస్యభాషకు సిద్ధపడిన నా ప్రోగ్రాము ఆ పలకరింపును ఆ భాషలోని మాటగానే భావించి, వెర్షను సంఖ్య ఉండవలసిన చోట వెతికింది. అక్కడ మామూలు అక్షరాలు కనిపించాయి. సందేశం అబద్ధం చెప్పలేదు. అది ఎవరి వెర్షను గురించి మాట్లాడుతున్నదో నేనే అడగలేదు. కర్త తెలియకుండా వాక్యాన్ని అనువదించరాదని ఇతరులకు చెప్పేదాన్ని నేనే!

పాస్‌వర్డు సరైనదే, కాని...

అయిదవసారి సర్వరు స్వయంగా మాట్లాడింది: "535, ధ్రువీకరణ విఫలమైంది." నాకు సంతోషం కలిగింది. చిరునామా, ద్వారం, రహస్యభాష అన్నీ కుదిరితేనే అంతదూరం వెళ్లగలం. పాస్‌వర్డును నాలుగుసార్లు సరిచూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా నిరాకరణే.

1982 నాటి నియమావళిలో పంపేవారు ఎవరో నిరూపించమనే ఏర్పాటు లేదు. అది 1999లో వచ్చి చేరింది. ఆ తరువాత కట్టుబాట్లు బిగుస్తూ వచ్చాయి. ఉదాహరణకు, వ్యక్తిగత ఖాతాలలోకి మామూలు పాస్‌వర్డు ఒక్కదానితోనే ఇతర ప్రోగ్రాములు ప్రవేశించే సదుపాయాన్ని గూగుల్ సంస్థ 2022 మే 30 నుండి ఉపసంహరించుకున్నది. అంతకు ముందు రాసిన పాఠాలు ఎంత చక్కగా ఉన్నా, ఈ ఒక్క విషయంలో పనికిరావు. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఏర్పరచుకుని, ప్రోగ్రాము కోసం ప్రత్యేకంగా పదహారు అక్షరాల "యాప్ పాస్‌వర్డు" పుట్టించుకోవాలి. నా ఖాతా ఉన్న చోటా ఇటువంటి నిబంధనే ఉన్నది. ఈ పాస్‌వర్డును ప్రోగ్రాములోనే రాసి, సహాయం కోసం ఆ ప్రోగ్రామును ఇతరులకు చూపడం ఇంటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

తెలుగు గడప దగ్గర

మరునాడే ఉగాది. "హలో" అని ఇంగ్లీషులో ఒక ముక్క నాకు నేనే పంపుకున్నాను, చేరింది. ఆ ఉత్సాహంతో మావయ్య ఉత్తరం పెట్టి నడిపాను. మళ్లీ ఎర్రని అక్షరాలు! "ఆస్కీ" పట్టికతో ఈ అక్షరాలను రాయలేననీ, వాటి సంఖ్యలు 128కి లోబడి లేవనీ సారాంశం.

ఈసారి తొందరపడలేదు. వాక్యం నెమ్మదిగా చదివాను. ఆస్కీ అన్నది ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, కొన్ని గుర్తులకు సున్నా నుండి 127 వరకు సంఖ్యలు కేటాయించిన పాత పట్టిక. తొలినాటి ఈమెయిలుకు తెలిసిన అక్షరాలన్నీ అవే. ప్రపంచ భాషలన్నింటికీ చోటు కల్పించిన యూనికోడ్ పట్టికలో తెలుగు 3072వ స్థానం వద్ద మొదలవుతుంది. మన "అ" సంఖ్య 3077. 128 మంది పట్టే గదిలోకి 3077వ టికెట్టు పట్టుకుని వెళ్లినట్లయింది.

దీనికి పరిష్కారం 1992లోనే వచ్చింది. నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు రూపొందించిన "మైమ్" పద్ధతిలో ఉత్తరం తన భాషను, రాతను తానే ప్రకటించుకుంటుంది. ఏ లిపినైనా పాత దారికి సరిపడే అక్షరాలలోకి మార్చి పంపి, అవతలి వైపు తిరిగి విప్పుకునే మార్గాలు అందులో ఉన్నాయి. నేను ఉత్తరాన్ని మామూలు అక్షరాల దండగా అప్పగించాను. "ఈమెయిల్ మెసేజ్" అనే సాధనంలో పెట్టి "సెండ్ మెసేజ్" అన్న ఆదేశంతో పంపాలి. తక్కినదంతా అదే చూసుకుంటుంది. మూడు పంక్తులు మార్చాను.

కొత్తవారికి నాలుగు మాటలు

ఈ దారిలో అడుగుపెట్టేవారు మొదట ఎర్రని అక్షరాలలో చివరి పంక్తి చదవాలి. అసలు సంగతి సాధారణంగా అక్కడే ఉంటుంది. రెండవది, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడవది, "సెట్ డీబగ్ లెవెల్" అన్న ఆదేశానికి 1 అన్న సంఖ్య ఇస్తే, సర్వరుతో జరిగే సంభాషణ యావత్తూ తెరపై కనిపిస్తుంది. అది నాకు మొదటి రోజునే తెలిసి ఉంటే ఎంత బాగుండేది! నాలుగవది, మొదటి ఉత్తరం ఎప్పుడూ మీకు మీరే పంపుకోవాలి. అనేకమందికి పంపేటప్పుడు నడుమ కొన్ని క్షణాల విరామం ఇవ్వాలి. రోజుకు ఇన్నేనని ఖాతా ఇచ్చినవారు పెట్టే పరిమితిని ముందుగా తెలుసుకోవాలి.

ఆ రాత్రి పదిన్నరకు ప్రోగ్రాము నడిపాను. తెరపై 250లు ఒకటొకటిగా పడుతూ వచ్చాయి, మొత్తం 112. తెల్లవారేసరికి మూడు ఉత్తరాలు తిరిగి వచ్చాయి. వాటిపై 550 అన్న సంఖ్య ఉన్నది. అటువంటి పెట్టె ఏదీ లేదని దాని అర్థం. 250 అంటే సర్వరు ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నదని మాత్రమే. అవతలి మనిషి చదివినట్లు కాదు.

మావయ్యకు ఫోను చేసి ఆ మూడు పేర్లు చదివి వినిపించాను. రెండింటికి కొత్త చిరునామాలు చెప్పారు. మూడవ పేరు విని కొంతసేపు మాట్లాడలేదు.

"వాడి ఊరి చిరునామా నా పాత పుస్తకంలో ఉంది" అన్నారు చివరకు. "కన్ను కుదుటపడనీ. కార్డు ముక్క నేనే రాస్తాను."