బూడిద రంగు గోడలు



ఇంటికి రంగులు వేయించాలనుకున్న రోజునుంచీ మన ఇళ్ళల్లో చిన్న శాసనసభ మొదలవుతుంది. పిల్లలు ఒకటంటారు, శ్రీవారు ఖర్చంటారు, పెద్దవాళ్ళు శుభాశుభాలంటారు. కిందటేడాది సంక్రాంతి ముందు నేను "ముందు గదికి బూడిద రంగు వేయిద్దామండీ" అన్నానో లేదో, మా అత్తగారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి, "బూడిదేమిటమ్మాయ్! లక్షణంగా లేత పసుపో, గులాబీయో వేయించుకోక" అన్నారు. "మీరు రోజూ నుదుట పెట్టుకునే విభూతి రంగే కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వలేదు గాని, కాదనలేదు కూడాను.

పేరులోనే ఉంది చిక్కంతా. చీరల కొట్లో ఇదే రంగును పావురం రంగనీ, ఏనుగు రంగనీ, మబ్బు రంగనీ అడిగి మరీ కొనుక్కుంటాం. గోడ దగ్గరకు వచ్చేసరికి బూడిద అయిపోతుంది! నేనివాళ చెప్పబోయేది మరీ లేత పావురం రంగు గురించి కాదు, బొగ్గు రంగు గురించీ కాదు. రెంటికీ నడుమ ఉండే మధ్యరకం ఛాయ గురించి.

మధ్యరకం అంటే తెలుపు సగం, నలుపు సగం అనుకునేరు. అలా కలిపితే బొగ్గుకు దగ్గరగా తేలుతుంది. నలుపుకు బలం ఎక్కువ, తెల్ల రంగు డబ్బాలో కొంచెం పడితే చాలు, మబ్బు కమ్ముతుంది. మన కన్ను కూడా తమాషా చేస్తుంది. తెలుపు నలుపులకు సరిగ్గా మధ్యన ఉన్నట్టు మన కంటికి తోచే బూడిద రంగు, తనమీద పడ్డ వెలుతురులో నూటికి 18 వంతులే తిప్పి ఇస్తుంది. ఫొటోలు తీసేవాళ్ళు వెలుతురు కొలుచుకోవడానికి పెట్టుకునే బూడిద రంగు అట్ట అదే. గోడకు అంత ముదురు పనికిరాదు. ఇళ్ళకు మధ్యరకం అని చెప్పుకునేది నూటికి సుమారు 40 వంతులు తిప్పి ఇచ్చేది. మంచి తెల్ల గోడ అయితే 80 వంతుల పైనే ఇస్తుంది. అంటే గదంతా బూడిద రంగు వేస్తే వెలుతురు తగ్గుతుందన్నమాటే. ఒక్కటే కిటికీ ఉండి, అదీ పక్కవాళ్ళ గోడకు ఎదురుగా ఉన్న గదికి ఈ రంగు జోలికి పోవద్దు. పగలే లైటు వేసుకోవలసి వస్తుంది.

రెండో సంగతి. ఉత్త బూడిద రంగంటూ దొరకడం అరుదు. ఒకదానిలో నీలం దాగి ఉంటుంది, ఒకదానిలో ఆకుపచ్చ, ఇంకొకదానిలో ఊదా, మరొకదానిలో మట్టి రంగు. కొట్లో చూపించే చిన్న చిన్న చీటీల్లో అది తెలియదు. తెల్ల కాగితం మీద నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడు దేని గుణం దానిది బయటపడుతుంది. అదే వరుసలోని అన్నిటికన్నా ముదురు ఛాయను చూస్తే ఇంకా సులువు. లేతదానిలో దాక్కున్న ఊదా ముదురుదానిలో దాక్కోలేదు.

దీనికితోడు పక్కన ఉన్న రంగు కూడా బూడిదను మార్చేస్తుంది. ఫ్రాన్సులో గోబెలిన్ అనే ప్రసిద్ధమైన నేత కార్ఖానాలో రంగుల అద్దకానికి అధికారిగా ఉన్న షెవ్రొల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చేవట. దారం పరీక్షించి చూస్తే లోపం లేదు. దాని పక్కన నేసిన రంగులవల్ల అలా కనిపిస్తోందని ఆయన తేల్చి, 1839లో పెద్ద గ్రంథమే అచ్చు వేశాడు. ఆ సూత్రం మన గడప దగ్గరే చూసుకోవచ్చు. పసుపు రాసిన గడప పక్కన బూడిద గోడ కాస్త నీలంగా, ఊదాగా తోస్తుంది. ఎర్రటి తివాచీ పక్కన ఆకుపచ్చ డాలు కొడుతుంది. టేకు తలుపు పక్కన మాత్రం చక్కగా అమరుతుంది. ఇత్తడి సామాను సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి కుందులు ఇరవై ఏళ్ళుగా తెల్లగోడ ముందు ఉన్నా ఎవరూ చూడలేదు, బూడిద గోడ ముందుకు వచ్చాక వచ్చినవాళ్ళంతా "ఎప్పుడు కొన్నారండీ?" అంటున్నారు.

కాబట్టి నచ్చిందని పది లీటర్లు తెచ్చుకోకుండా, చిన్న డబ్బా ఒకటి తెచ్చి, రెండడుగుల అట్టముక్కకు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఎమల్షన్ రంగు తడిమీద కంటే ఆరాక కొంచెం ముదురుగా తేలుతుంది. డిస్టెంపరు అందుకు ఎదురు, ఆరాక లేతబడుతుంది. ఆ అట్టను రోజుకొక గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, దీపాల వేళ చూడండి. ఉత్తరపు కిటికీ వెలుతురులో నీలం ఎక్కువవుతుంది, అక్కడ మట్టి రంగు కలిసిన బూడిద మేలు. పడమటి ఎండలో అదే పసుపెక్కుతుంది. లైట్ల విషయం మరిచిపోకండి. ఎల్.ఇ.డి. పెట్టె మీద 6500 అని ఉంటే తెల్లని చల్లటి వెలుతురు, 2700 అనో 3000 అనో ఉంటే పాతకాలపు బల్బులాంటి పచ్చని వెలుతురు. తెల్ల లైటు కింద నీలపు బూడిద ఆస్పత్రి వరండాలా ఉంటుంది. రంగు మార్చేబదులు బల్బు మార్చి చూడండి, చవక.

ఇక ఎక్కడ వేయించాలి అంటారా? నా ఉద్దేశంలో నాలుగు గోడలూ అక్కర్లేదు. ఎదురుగా కనబడే ఒక్క గోడ చాలు, మిగతావి పాలమీగడ తెలుపు. లేదంటే కింద మూడడుగులు బూడిద, పైన తెలుపు. మన పల్లెటూళ్ళలో గోడ అడుగున ఎర్రమట్టో, తారో పట్టీలా పూసేవారు చూడండి, ఆ తెలివే ఇది. పిల్లల చేతులు, సైకిలు హాండిలు, కుర్చీ వీపులు తగిలేది ఆ మూడడుగులే. అయితే దివాను వెనక తలనూనె మరకను ఈ రంగు దాస్తుందని ఆశపడకండి. మెరుపు లేని రంగు మీద నూనె ఇంకా నల్లగా దిగుతుంది. అక్కడ తడిగుడ్డతో తుడవడానికి వీలైన, కొద్దిపాటి మెరుపున్న రకం అడగండి. గోడలో చెమ్మ ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి. చెమ్మతో వచ్చే తెల్లటి ఉప్పు పొక్కు తెల్లగోడ మీద కనబడదు, బూడిద మీద పిండి చల్లినట్టు కనబడుతుంది. పూజ గదికి వద్దు, నేనే ఒప్పుకోను. వంటింట్లో స్టీలు సామాను వెనక కూడా వద్దు, సామాను గోడలో కలిసిపోయి దిగులుగా ఉంటుంది.

ఈ కలిసిపోవడం గురించే అసలు చెప్పాలనుకున్నది. మా అత్తగారికి కంటిలో శుక్లాలు. తెల్లగోడ మీది తెల్ల స్విచ్చి ఆవిడకు కనబడేది కాదు, చేత్తో తడుముకునేవారు. గోడ బూడిద రంగయ్యాక తెల్ల స్విచ్చిబోర్డు విడిగా తెలిసి, దూరంనుంచే చూసి వెళ్ళి వేసుకునేవారు. రంగును తిట్టిన మనిషే, "ఇదొక్కటి బాగుందమ్మాయ్" అన్నారు. వయసు మళ్ళినవాళ్ళకు చూపులో ఈ తేడా పట్టే శక్తి తగ్గుతుంది. వస్తువుకూ దాని వెనక ఉన్న గోడకూ ముదురు లేత తేడా ఉంటే వాళ్ళకు ఎంతో ఆసరా. తెల్ల బేసిను, తెల్ల తలుపు గడియ, ఇవన్నీ మధ్యరకం బూడిద ముందు బాగా తెలుస్తాయి.

అంతటితో ఊరుకున్నానా? డబ్బాలో మిగిలిన రంగు వృథా పోతుందని, వెనక వసారాలోకి దిగే మెట్టుకు కూడా పూయించాను. మా వసారాలో పరిచింది తాండూరు నాపరాళ్ళు, అవీ బూడిద రంగే. పెయింటరు, "మెట్టు కనబడదేమోనమ్మా" అని ఒకసారి అన్నాడు కూడా. "ఒకే రంగైతే అందంగా ఉంటుందిలే బాబూ" అన్నాను. వారం తిరక్కుండానే, సందెవేళ తులసికోట దగ్గర దీపం పెట్టడానికి వెళ్ళి అత్తగారు ఆ మెట్టు మీద పడ్డారు. ఆవిడకు మెట్టూ నేలా ఒకటిగానే కనిపించాయి. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. ఆ ఆరు వారాలూ ఆవిడకు అన్నం కలిపి పెట్టింది నేనే, ఒక్క మాటా అనలేదావిడ. అంటే బాగుండుననిపించేది. కట్టు కట్టించుకుని వచ్చిన రోజునే మెట్టు అంచున రెండంగుళాల వెడల్పున పసుపు రంగు పట్టీ వేయించాను, పైన లైటు పెట్టించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే మెట్టుకూ, గడపకూ, నేలకూ ఒకే ఛాయ ఎన్నడూ వేయకండి.

ఇంటి బయట గోడలకు, అందులో పడమటి వైపు, ఈ రంగు మన ఎండలకు సరిపడదు. రంగు ముదిరినకొద్దీ వేడిని పట్టుకుంటుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది కూడా ఇందుకే. వెలుతురును తిప్పికొట్టే పూత డాబా మీద ఉంటే కింద గదులు చల్లగా ఉంటాయి.

పాత ఇళ్ళ తలుపులకూ, కటకటాలకూ ఉన్న ఎనామిల్ రంగు గీకించేటప్పుడు జాగ్రత్త. పూర్వపు రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరునుంచి అమలైంది. అంతకుముందు వేసిన పూతను ఎండుగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లలకు చేటు. తడిపి గీకించండి, పిల్లలను ఆ పూట అమ్మమ్మగారింటికి పంపండి, నేలను ఊడవకుండా తడిగుడ్డతో తుడిపించండి.

చివరగా కొలత. పది పన్నెండడుగుల గది, ఎత్తు పదడుగులు అయితే గోడలు 440 చదరపు అడుగులు. తలుపులూ కిటికీలూ తీసేసి లెక్క కట్టి, లీటరు ఎంత మేరకు వస్తుందో డబ్బా మీద చూసి ఒకేసారి కొనండి. విడివిడిగా కొన్న బూడిద రంగు డబ్బాలు కవలపిల్లల్లాంటివి, పక్కపక్కన నిలబెడితేనే తేడా తెలుస్తుంది. అన్నీ ఒక బకెట్లో పోసి కలిపించాకే మొదలుపెట్టమనండి. మూత మీది రంగు నంబరు చాకలి పద్దు పుస్తకంలోనో, ఫోనులోనో రాసి ఉంచుకోండి. మిగిలింది చిన్న సీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి, మేకు కొట్టిన చోట పూసుకోవడానికి. మెట్టుకు మాత్రం వద్దు.