కొండవాలు యంత్రాలలో హైడ్రాలిక్ నూనె సమస్యలు - గుర్తింపు, నివారణ

అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మండలాల కొండవాలులలో మడులను చదును చేయడానికి, నీటికుంటలు తవ్వడానికి, వర్షాలకు జారిపడిన మట్టిని దారుల నుండి తొలగించడానికి చిన్న ఎక్స్‌కవేటర్లు, బ్యాక్‌హో లోడర్లు, ట్రాక్టరుకు అమర్చే లోడర్లు నేడు విరివిగా వాడుకలో ఉన్నాయి. ఈ పనులకు అనువైన కాలం బహు స్వల్పం. వేసవి ముగిసి తొలకరి దిగేలోగా గట్టు పూర్తికాకపోతే ఆ ఏటి వాన మడిలోని పైమట్టిని గెడ్డలో కలుపుతుంది. కనుక ఆ రోజులలో యంత్రం ఆగిపోతే రైతుకు కలిగే నష్టం అద్దె సొమ్ముతో తీరేది కాదు. యంత్రం ఆగడానికి గల కారణాలలో హైడ్రాలిక్ నూనె స్థితి ముఖ్యమైనది. దీనిని ముందుగా గుర్తించడం కష్టసాధ్యం కాదు.

కొండ వాతావరణం - నూనె చిక్కదనం

హైడ్రాలిక్ నూనెలను 40 డిగ్రీల సెల్సియస్ వద్ద వాటి చిక్కదనాన్ని బట్టి వి.జి. 32, 46, 68 అని వర్గీకరిస్తారు. మైదానపు ఎండలకు తగిన వి.జి. 68 నూనె 10 డిగ్రీల వద్ద ఆరేడు రెట్లు చిక్కబడుతుంది. శీతకాలంలో చింతపల్లి, లంబసింగి ప్రాంతాలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత అంతకంటే దిగువకు పడిపోవడం సాధారణం. దీనికి తోడు, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున గాలి పీడనం సుమారు పదకొండు శాతం తక్కువ. ట్యాంకులోని నూనెను పంపు వైపు నెట్టేది ఆ పీడనమే. చిక్కని నూనె, తగ్గిన పీడనం, పాక్షికంగా పూడిన చూషణ జల్లెడ కలిసినప్పుడు పంపు కీచుమని శబ్దం చేస్తుంది. లోపల ఏర్పడే శూన్యపు బుడగలు పగిలి లోహాన్ని కొరికివేస్తాయి. చలి ఉదయాలలో ఇంజనును తక్కువ వేగంతో కొంతసేపు నడిపి, బరువు లేకుండా బకెట్టును మెల్లగా ఆడించి, నూనె వెచ్చబడిన తరువాతనే పని మొదలుపెట్టాలి. ఏ తరగతి నూనె వాడాలో యంత్రపు చేతిపుస్తకంలోని ఉష్ణోగ్రతల పట్టికను చూసి నిర్ణయించాలి.

లక్షణాలను బట్టి లోపం

ఉదయం మందగించి, వేడెక్కిన తరువాత సర్దుకునే యంత్రంలో నూనె అతి చిక్కనిదై ఉండవచ్చు. లేదా జల్లెడ పూడి ఉండవచ్చు. ఉదయం చురుకుగా ఉండి, మధ్యాహ్నానికి మందగించే యంత్రంలో పలుచబడిన నూనె అరిగిన పంపు సందులలో నుండి లోలోపలే కారిపోతున్నదని భావించాలి. అన్ని కదలికలూ మందగిస్తే పంపు, రిలీఫ్ వాల్వు, ట్యాంకులోని నూనె మట్టం పరీక్షించాలి. ఒక్క కదలిక మాత్రమే మందగిస్తే దానికి సంబంధించిన సిలిండరు, వాల్వు, గొట్టాలను చూడాలి. ఎత్తి ఉంచిన బూమ్ తనంతట తానే దిగుతుంటే సిలిండరు సీలు లేదా దానిని నిలిపి ఉంచే వాల్వు దెబ్బతిని ఉండవచ్చు.

నూనె మట్టాన్ని సమతలంపై, చేతిపుస్తకం సూచించిన భంగిమలో బూమ్, బకెట్టులను ఉంచి చూడాలి. వాలుపై నిలిపినప్పుడు నూనె ఒక ప్రక్కకు ఒరిగి, చూషణ రంధ్రం బయటపడి పంపు గాలిని పీల్చే అవకాశం ఉన్నది.

నీరు, గాలి, వేడి

పగటి వేడి, రాత్రి చలి, వానాకాలపు తేమ కలిసిన చోట ట్యాంకు లోపలి గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారి నూనెలో కలుస్తుంది. నూనె పాలవలె తెల్లబడితే నీరుగాని గాలిగాని చేరినట్లు. ఈ రెండింటినీ వేరుచేయడానికి నమూనాను తెల్లని గాజుసీసాలో తీసి కదల్చకుండా ఉంచాలి. గాలి బుడగలైతే కొద్దిసేపటికే పైకి లేచి నూనె తేటపడుతుంది. నీరైతే తెలుపు నిలిచి ఉంటుంది లేదా మరునాటికి అడుగున నీటిపొర కనిపిస్తుంది. పాలవలె మారిన నూనెకు కొత్త నూనె చేర్చడం చికిత్స కాదు. వెచ్చగా ఉన్నప్పుడే దానిని పూర్తిగా దించి, ట్యాంకు శుభ్రపరచి, ఫిల్టరు మార్చాలి. గాలి పీల్చే బ్రీదర్ మూతను సరిచూడాలి.

తరుగు పూరించడానికి చేతికి అందిన నూనె పోసే అలవాటు హానికరం. ఇంజన్ ఆయిలులోని శుద్ధికారక రసాయనాలు నీటిని నూనెలోనే పట్టి ఉంచి, అడుగుకు దిగనివ్వవు. గ్లైకాల్ రకపు బ్రేక్ ఆయిలు రబ్బరు సీళ్లను ఉబ్బించి చెడగొడుతుంది.

నూనె ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుంది. 82 డిగ్రీలు దాటితే సీళ్లు గట్టిపడతాయి. మాడు వాసన, నల్లని రంగు దీనికి గుర్తులు. కూలర్ రెక్కలలో చేరిన దుమ్మును, ఆకులను ప్రతిదినం తొలగించడం తేలికైన నివారణ.

ప్రాణరక్షణ

ఈ యంత్రాలలో నూనె పీడనం తరచు 200 బార్లకు పైబడి ఉంటుంది. గొట్టంలోని సూదిమొన వంటి రంధ్రం నుండి వెలువడే ధార చర్మాన్ని చీల్చి లోపలికి చొచ్చుకుపోతుంది. పైకి చిన్న చుక్కవలె కనిపించే ఈ గాయం మొదట పెద్దగా నొప్పి పెట్టదు. కొన్ని గంటలలో లోపలి కణజాలం చనిపోయి వేలు, చేయి తొలగించవలసిన స్థితి రావచ్చు. విశాఖపట్నం నుండి వంద కిలోమీటర్లకు పైగా ఘాట్ దారిలో ఉన్న అరకులో ప్రతి గంటా విలువైనదే. కారుడును చేతితో తడిమి వెదకరాదు. అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి. గొట్టం విప్పేముందు బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపి, మీటలను అటూ ఇటూ కదిపి పీడనం తగ్గించాలి. గాయమైతే కట్టుకట్టి ఊరుకోక, లోపలికి నూనె దూరినదని వైద్యునికి స్పష్టంగా చెప్పి వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చాలి.

నీటివనరుల రక్షణ

కొండ గ్రామాలకు ఊటలు, గెడ్డలే తాగునీరు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నీరు తాటిపూడి జలాశయం ద్వారా విశాఖ నగరానికి సైతం చేరుతుంది. దించిన నూనెను వాలులో పారబోయడం, గోతిలో పూడ్చడం తగదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన నూనెను అధీకృత శుద్ధిదారులకే అప్పగించాలి. ఒలికిన నూనెను పొడిమట్టితోగాని రంపపుపొట్టుతోగాని పీల్పించి, దానిని విడిగా సేకరించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు తొలకరికి ముందు యంత్ర నిర్వాహకులకు ఒక్కపూట శిక్షణ ఏర్పరచి, సీసా పరీక్షను, అట్టముక్కతో కారుడు వెదకే పద్ధతిని చేయించి చూపాలి. నూనె తరగతి, మార్చిన తేదీ, పనిచేసిన గంటలు, గమనించిన లక్షణాలు రాసే చిన్న పుస్తకం ప్రతి యంత్రంతోనూ ఉండాలి. పని నడుమ యంత్రం మొరాయించినప్పుడు మరమ్మతుదారు మొదట అడిగేవి ఈ వివరాలే.