పాత శుభలేఖలతో కొత్త గ్రీటింగ్ కార్డులు

జనవరి ఒకటో తేదీ దగ్గర పడుతోందంటే మా హాస్టల్లో స్కేళ్లకూ బ్లేడు ముక్కలకూ గిరాకీ పెరుగుతుంది. కాస్మెటిక్ చార్జీలు సబ్బుకూ నూనెకూ సరిపోతే అదే పదివేలు. ఇక కొట్లో కార్డులు కొనేదెక్కడ? సెల్ ఫోన్లా, మా దగ్గర ఉండవు. అందుకే ఇంటికీ, చదువు ముగించుకుని వెళ్లిన అన్నయ్యలకూ మేమే కార్డులు చేసి పంపుతున్నాం. ఆ పద్ధతి జూనియర్ తమ్ముళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాం.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన అచ్చు వేయించిన కార్డునే అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డుగా చెబుతారు. మా కార్డులకు అచ్చాఫీసుతో పని లేదు. పూలూ లతలూ ఉన్న పాత శుభలేఖలు, బహుమతులకు చుట్టిన కాగితాలు, వార్షికోత్సవం అలంకరణలో మిగిలిన రంగు కాగితాలు, ఇవే మా సరుకు. శుభలేఖ మీది దేవుడి బొమ్మను మాత్రం కత్తిరించం, తీసి పక్కన పెడతాం.

మొదటి ఏడాది పెద్ద తప్పే చేశాం. ఏ4 సైజు మందపాటి అట్టను మధ్యకు మడిచి, దాని మీద శుభలేఖ ముక్కలు దట్టంగా అంటించి, ఐదు రూపాయల స్టాంపు వేసి పోస్టు చేశాం. ఆ స్టాంపు 20 గ్రాముల వరకే చెల్లుతుందని మాకు తెలియదు. బరువు మించితే లోటుకు రెట్టింపు అందుకున్నవాళ్లే కట్టాలి. మాలో ఒకడి కార్డు బేరంగు అయింది. కూలికి వెళ్లొచ్చిన వాళ్లమ్మ పోస్టుమన్‌కు ఎదురు డబ్బిచ్చి తీసుకుంది. ఆమె ఏమీ అనలేదు గానీ, సెలవులకు వెళ్లినప్పుడు ఆ సంగతి తెలిసి వాడు చాలా నొచ్చుకున్నాడు. అప్పటి నుంచి మేం కత్తెర పట్టేముందు లెక్క వేసుకుంటున్నాం.

ఆ లెక్క ఇదీ. 250 జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం 250 గ్రాములు తూగుతుందని అర్థం. ఆ రకం ఏ4 షీటు దాదాపు 16 గ్రాములు. దాన్ని సగానికి కోస్తే 8. మామూలు 80 జీఎస్ఎం ఏ4 కాగితంతో చేసిన కవరు 5 గ్రాములు. మొత్తం 13. అంటే అలంకరణకు, జిగురుకు 7 గ్రాములు మిగులుతాయి. అది చాలు. నిజానికి ముందువైపు సగం ఖాళీగా వదిలితేనే డిజైను కంటికి ఆనుతుంది. పెద్ద పువ్వు ఒకటి చాలు, పక్కన మళ్లీ గళ్లూ చుక్కలూ పెడితే సంతలా ఉంటుంది.

సగం షీటును మళ్లీ మధ్యకు మడవాలి. కాగితంలోని నారలు ఎక్కువగా ఒకే దిశలో ఉంటాయి. అటూ ఇటూ మెల్లగా వంచి చూడండి, తేలిగ్గా వంగిన వైపే నార వాటం. ఆ వాటానే మడిస్తే మడత పగలదు. ముందుగా స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గీత నొక్కితే మడత తిన్నగా వస్తుంది.

జిగురు కోసం చెంచాడు మైదాను ఆరు చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా కాచాలి. పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్లున్నారు. అది విషం, మనకొద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకుంటే సరి. పల్చగా రాయాలి. తడి ఎక్కువైతే కాగితం సాగి కార్డు వంకర పోతుంది. అంటించాక పుస్తకాల మధ్య పెట్టి, పైన ట్రంకు పెట్టె ఎత్తి రాత్రంతా ఉంచుతాం.

కవరుకు ఏ4 కాగితాన్ని రెండు పక్కలా 2.8 సెంటీమీటర్లు లోపలికి మడిచి, కింది నుంచి 11.5 సెంటీమీటర్లు పైకి మడవాలి. రెండు అంచులూ అంటించాలి. పైన మిగిలింది మూత.

చదువు రాని అమ్మానాన్నలకు పంపే కార్డుల్లో వీలైతే ఇంటి పెళ్లి శుభలేఖ ముక్కే వాడతాం. అక్క పెళ్లి కార్డు అంచును వాళ్లు చూడగానే గుర్తుపడతారు, లోపలి రాత ఎవరితో చదివించుకున్నా.

పూర్వ విద్యార్థి అన్నయ్యలకు ఒక మనవి. మీ ఇళ్లలోని పాత శుభలేఖలు పారేయకండి. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు వెంట తెండి. స్టోర్ రూమ్ పక్కన ఒక ఖాళీ ట్రంకు పెట్టె పెట్టి ఉంచాం.