214 కోట్ల చిల్లర – ఒక సంఖ్య కథ

మనలో చాలామందిని అమెరికా విమానం ఎక్కించింది వైటూకే. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాముల పుణ్యం అది! ఆ గొడవ సద్దుమణిగింది గానీ, దానికో తమ్ముడున్నాడు. పేరు 2,147,483,647. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647.

సి భాష తెలిసినవారికి ఇది పాత చుట్టమే. 32 బిట్లలో ఒకటి ప్లస్సు, మైనస్సు గుర్తుకి పోగా, మిగిలిన 31 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇది. అంటే 31 రెండ్లను గుణించి, ఒకటి తీసేయడమే.

ఇది ప్రధాన సంఖ్య కూడా. ఆ సంగతి ఆయిలర్ 1772లో బెర్నూలీకి రాసిన ఉత్తరంలో చెప్పాడు. దీని వర్గమూలం సుమారు 46,341. అంతవరకూ భాగిస్తూ పోతే ఎప్పటికి తెమిలేను? దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఈ కిటుకుతో భాగహారాలు 372కి మించలేదు. ఆప్టిమైజేషన్ అంటే అదీ! ఆ తర్వాత చాలాకాలం దాకా ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

దీని నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యను మించినదాన్ని ఎవరూ వెతకబోరని, వాటివల్ల ప్రయోజనం లేదని 1811లో పీటర్ బార్లో రాశాడు. ప్రయోజనం మాటేమో గానీ, ప్రమాదం ఉంది. బోయింగ్ 787ను 248 రోజులు ఆపకుండా కరెంటులో ఉంచితే ఒక కౌంటర్ నిండి, విమానంలో కరెంటు పోవచ్చని 2015లో ఎఫ్ఏఏ హెచ్చరించింది. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కిస్తే మన సంఖ్య నిండేది 248 రోజుల చిల్లరకే! (ఆయిలర్ 248తో పోలిక కాకతాళీయం.)

ఇక అసలు ముహూర్తం. యూనిక్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. 32 బిట్ల లెక్క 2038 జనవరి 19న, గ్రీన్‌విచ్ కాలం 03:14:07కి నిండుతుంది. మరుసటి సెకనుకి గడియారం 1901 డిసెంబరు 13కి వెళ్ళిపోతుంది. హైదరాబాదులో అప్పుడు ఉదయం 8:44. న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 10:14.

2020లో వచ్చిన లినక్స్ 5.6తో 32 బిట్ల యంత్రాలకూ దారి దొరికింది. కానీ పాత ఫైళ్ళు, డేటాబేసులు, గోడల్లో దాగిన చిన్న చిప్పుల సంగతో? 2008 తర్వాత 30 ఏళ్ళ ఇంటిలోను తీసుకున్నవారి ఆఖరి వాయిదా ఆ గీత అవతలే ఉంది.

ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఆ రాత్రి ఆఫీసు ఫోను మోగకూడదనుకుంటే, మీ కోడ్‌ని ఓసారి ఇప్పుడే వెతకండి.