కంప్యూటరా? ఎక్స్‌బాక్సా? ఒకే కంపెనీ, రెండు పడవలు

సరస్వతి పూజ సెలవులకి మామయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక పంచాయితీ నా నెత్తిన పడింది. మామయ్య కొడుకు ప్లస్‌టూకి వచ్చాడు. వాడికి ఎక్స్‌బాక్స్ కావాలట. ఆ డబ్బుకి ఇంకొంచెం వేస్తే కంప్యూటరే వస్తుంది, చదువుకీ పనికొస్తుంది అని అత్తయ్య. "నువ్వు ఎప్పుడూ కంప్యూటర్ ముందే కూర్చుంటావు కదమ్మా, నువ్వు చెప్పు. రెండూ ఒకే కంపెనీవి అంటున్నారు. మరి ఆ కంపెనీ దేన్ని బాగా చూసుకుంటుంది?" అన్నాడు మామయ్య.

నాకు వెంటనే జవాబు రాలేదు. మన కంప్యూటర్లలో ఉండే విండోస్ మైక్రోసాఫ్ట్‌దే. టీవీకి తగిలించి ఆడే ఎక్స్‌బాక్స్ కూడా మైక్రోసాఫ్ట్‌దే. మరి ఇద్దరు పిల్లల్లో ఎవరు ముద్దు? తిరిగొచ్చాక రెండు వారాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. "గోడపత్రికకి ఆటల మీద వ్యాసమా, ఇదేం విళయాట్టా?" అని నాన్న నవ్వారు. కానీ చదివేకొద్దీ ఇందులో ఆట కంటే, ఇచ్చిన మాట గురించే ఎక్కువ ఉందనిపించింది.

కన్సోల్ అంటే ఏంటి?

మనలో ఆటలు ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. కన్సోల్ అంటే ఆటల కోసమే చేసిన పెట్టె. లోపల ఉండేది కంప్యూటరే, కానీ దాంతో మనం ప్రాజెక్టు రాసుకోలేం, మనకి నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోలేం. కంపెనీ ఒప్పుకున్న ఆటలే అందులో నడుస్తాయి. సోనీ వాళ్ళ ప్లేస్టేషన్, నింటెండో వాళ్ళ స్విచ్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఈ రకం. కంప్యూటర్ అలా కాదు. ఎవరు తయారుచేసిన ఆటైనా, ఎక్కడ కొన్నదైనా వేసుకోవచ్చు.

మొదట కంప్యూటరే

మైక్రోసాఫ్ట్ ఆటల్లోకి నిన్న మొన్న రాలేదు. విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్‌ని 1982లోనే అమ్మింది. అప్పటికి విండోస్ అనేదే బయటికి రాలేదు. 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ పేకాట వచ్చింది. మౌస్ అంటే ఏంటో తెలియని జనానికి, నొక్కి పట్టుకుని లాగడం ఆ ఆటే నేర్పింది. మా అమ్మ కూడా మౌస్ పట్టుకోవడం సాలిటేర్‌తోనే నేర్చుకుంది.

అసలు చిక్కు 1995లో వచ్చింది. అంతకుముందు పెద్ద ఆటలన్నీ డాస్ మీద నడిచేవి. డాస్‌లో ఆట నేరుగా కంప్యూటర్ భాగాలతో మాట్లాడుకునేది, అందుకే వేగంగా ఉండేది. విండోస్ వచ్చి మధ్యలో కూర్చుంది. ప్రతి బొమ్మా దాన్ని దాటి వెళ్ళాలి, దాంతో ఆట నత్తనడక నడిచేది. ఆటలు చేసేవాళ్ళు విండోస్ వైపు రామన్నారు. అప్పుడు మైక్రోసాఫ్ట్‌లో ముగ్గురు ఉద్యోగులు డైరెక్ట్‌ఎక్స్ అనే ఉపాయం తయారుచేశారు. విండోస్ ఉంటూనే ఆటకి పక్కదారి ఇచ్చే ఏర్పాటు అది. ఆటలవాళ్ళని నమ్మించడానికి డూమ్ అనే ఆట లోపల బిల్ గేట్స్ తుపాకీ పట్టుకుని కనిపించే వీడియో కూడా తీశారు. డూమ్‌ని విండోస్‌కి తెచ్చే పనికి ముందు నిలిచినవాడు గేబ్ న్యూవెల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

పెట్టె పుట్టింది

2000 సంవత్సరంలో సోనీ ప్లేస్టేషన్ 2 వచ్చింది. అది డీవీడీ సినిమాలు కూడా వేసేది. రేపు హాల్లో టీవీ కింద ఉండే ఆ పెట్టే ఇంటి కంప్యూటర్ అయిపోతే విండోస్ గతేంటని మైక్రోసాఫ్ట్‌కి భయం పట్టుకుంది. డైరెక్ట్‌ఎక్స్‌తో పనిచేసిన కొందరు, మనమే ఒక పెట్టె చేద్దాం అన్నారు. 'డైరెక్ట్‌ఎక్స్ బాక్స్' అన్న మాట కుదించుకుని ఎక్స్‌బాక్స్ అయింది. 2001 నవంబరు 15న అమెరికాలో 299 డాలర్లకి అమ్మకానికి వచ్చింది. లోపల ఉన్నది ఇంటెల్ పెంటియం ప్రాసెసర్, హార్డ్ డిస్కు. కంప్యూటర్ కడుపున పుట్టిన బిడ్డే అన్నమాట. ఆ బిడ్డ పెద్దయ్యాక తల్లినే పక్కన కూర్చోబెట్టింది. ఎలాగో ఒక్క ఆటని పట్టుకుని లెక్క చూద్దాం.

హేలో చెప్పే లెక్క

హేలో అనే ఆటని 1999లో ఆపిల్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ పరిచయం చేశాడు. మరుసటి ఏడాది ఆ ఆట చేస్తున్న బంగీ అనే కంపెనీనే మైక్రోసాఫ్ట్ కొనేసింది. హేలో ఎక్స్‌బాక్స్‌తో పాటు 2001లో వచ్చింది. కంప్యూటర్‌కి 2003లో వచ్చింది. అంటే రెండేళ్ళు ఆలస్యం. హేలో 2 ఎక్స్‌బాక్స్‌కి 2004లో, కంప్యూటర్‌కి 2007లో. అది కూడా అప్పుడే వచ్చిన విండోస్ విస్టా ఉన్నవాళ్ళకే. అంటే ఆట కోసం విండోస్ మార్చుకోవాలి. హేలో 3 ఎక్స్‌బాక్స్ 360కి 2007లో, కంప్యూటర్‌కి 2020లో. పదమూడేళ్ళు! ఆట వచ్చినప్పుడు పుట్టిన పాప ఎనిమిదో తరగతికి వచ్చేస్తుంది.

తర్వాత చూడండి. హేలో ఇన్‌ఫినిట్ 2021 డిసెంబరులో ఎక్స్‌బాక్స్‌కీ కంప్యూటర్‌కీ ఒకే రోజు వచ్చింది. 2025 అక్టోబరులో ఇంకో విచిత్రం జరిగింది. మొదటి హేలోని కొత్తగా చేసి, పోటీదారు సోనీ ప్లేస్టేషన్‌కి కూడా ఇస్తామని ప్రకటించారు. కంపెనీ అదే, ఆటా అదే. కానీ మనసు ఇన్నిసార్లు ఎందుకు మారింది?

సంత, సినిమా హాలు

కారణం డబ్బు దారిలో ఉంది. విండోస్ ఊరి సంత లాంటిది. నేల మైక్రోసాఫ్ట్‌దే, కానీ ఎవరైనా వచ్చి కొట్టు పెట్టుకోవచ్చు. విండోస్ అమ్మినప్పుడు దాని ధర వస్తుంది, ఆ తర్వాత సంతలో జరిగే బేరాల్లో నేల యజమానికి వాటా లేదు. ఎక్స్‌బాక్స్ మాత్రం సొంత సినిమా హాలు. ఎవరి బొమ్మ ఆడినా హాలువాడికి వాటా కట్టాలి. ఎక్స్‌బాక్స్‌లో వంద రూపాయల ఆట అమ్ముడైతే మామూలుగా 30 రూపాయలు మైక్రోసాఫ్ట్‌కి పోతుంది. ఇంటర్నెట్‌లో స్నేహితులతో కలిసి ఆడాలంటే, ఉచిత ఆటలకి తప్ప, విడిగా చందా కూడా కట్టాలి.

మరి పెట్టె మీద లాభం? అస్సలు లేదు. 2021లో అమెరికాలో ఎపిక్, ఆపిల్ కంపెనీల కేసులో మైక్రోసాఫ్ట్ అధికారిణి ఒకరు సాక్ష్యం చెప్తూ, పెట్టెల అమ్మకం మీద తమకి ఎప్పుడూ లాభం రాలేదని ఒప్పుకున్నారు. పెట్టెని నష్టానికి అమ్మి, ఆటల మీద రాబట్టుకోవడమే ఈ వ్యాపారం. అందుకే మంచి ఆటలని పెట్టెకి కట్టేసి ఉంచారు. కంప్యూటర్‌లోనే దొరికితే ఇక పెట్టె ఎవరు కొంటారు?

సంతలో వేరేవాడి జెండా

ఈలోగా సంతలో ఇంకొకడు పెద్ద కొట్టు పెట్టాడు. ఆ గేబ్ న్యూవెల్లే. 1996లో మైక్రోసాఫ్ట్ వదిలి వాల్వ్ అనే కంపెనీ పెట్టాడు. 2003లో స్టీమ్ అనే ఆటల అంగడి తెరిచాడు. విండోస్ మీద అమ్ముడయ్యే ఆటల్లో వాటా ఇప్పుడు అతనికి పోతోంది.

మైక్రోసాఫ్ట్ ఊరుకోలేదు. 2007లో 'గేమ్స్ ఫర్ విండోస్ లైవ్' అని తెచ్చింది. హాలు పద్ధతినే సంతలో పెట్టాలని చూసింది. కంప్యూటర్‌లో ఏళ్ళ తరబడి ఉచితంగా కలిసి ఆడుకుంటున్న వాళ్ళని చందా కట్టమంది. ఎవరూ కట్టలేదు. 2008లో ఆ చందా ఎత్తేశారు, 2013లో ఆ అంగడే మూసేశారు. మధ్యలో 2009 జనవరిలో మరో రెండు దెబ్బలు పడ్డాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చేసిన ఎన్‌సెంబుల్ స్టూడియో, ఫ్లైట్ సిమ్యులేటర్ చేసే ఏసెస్ స్టూడియో రెండూ మూతపడ్డాయి. కంప్యూటర్ ఆటలకి మూలస్తంభాల్లాంటివి అవి. పైగా ఎన్‌సెంబుల్ చివరగా చేసిన ఆట ఎక్స్‌బాక్స్ 360 కోసం.

2012లో విండోస్ 8తో సొంత స్టోర్ వచ్చింది. సాలిటేర్ విండోస్‌లోంచి మాయమై, విడిగా యాప్‌గా వచ్చింది. ఉచితమే, కానీ మధ్యలో ప్రకటనలు. ప్రకటనలు వద్దంటే డబ్బు కట్టాలి. న్యూవెల్ విండోస్ 8ని విపత్తు అన్నాడు. రేపు తన కొట్టు తీసెయ్యమంటే ఏం చెయ్యాలని ముందే లినక్స్ వైపు పని మొదలుపెట్టాడు. విండోస్ ఆటలు లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ 2018లో, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ 2022లో దాని నుంచి వచ్చినవే.

మళ్ళీ ఇటు చూపు

2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ సీఈఓ అయ్యారు. హైదరాబాద్‌లో పుట్టిన తెలుగాయన కాబట్టి మనం గర్వపడతాం, అది వేరే సంగతి. ఆయన వచ్చిన ఏడాదే మైన్‌క్రాఫ్ట్ చేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించారు. అది కంప్యూటర్‌లో పుట్టిన ఆట. కొన్నాక దాన్ని ఎక్స్‌బాక్స్‌కి కట్టెయ్యకుండా అన్ని చోట్లా ఉంచారు. 2016లో 'ఒకసారి కొంటే రెండిట్లోనూ ఆడుకోండి' అనే పథకం వచ్చింది. 2017లో గేమ్ పాస్ వచ్చింది. నెలకి ఇంత అని కడితే బోలెడు ఆటలు, లైబ్రరీ చందా లాగా. 2019లో అది కంప్యూటర్‌కీ వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన ఆటలని న్యూవెల్ కొట్టులోనూ అమ్ముతానని చెప్పింది. 2021లో కంప్యూటర్ ఆటల మీద తన స్టోర్ వాటాని 30 నుంచి 12కి తగ్గించింది. ఎక్స్‌బాక్స్‌లో మాత్రం 30 అలాగే ఉంచింది. ఈ ఒక్క వాక్యంలో కథంతా ఉంది. పోటీ ఉన్నచోట తగ్గారు, లేనిచోట తగ్గలేదు.

మూసేసిన రెండు ఆటలూ మళ్ళీ లేచాయి. ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో ముందు కంప్యూటర్‌కి వచ్చింది. ఎక్స్‌బాక్స్ వాళ్ళు ఏడాది ఆగారు. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మెరుగులు దిద్దుకుని 2019లో వచ్చింది. 2022లో దానికి 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే భాగం చేర్చారు. అందులో ద్రావిడులు ఉన్నారు, రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఉన్నాయి. మన డిపార్ట్‌మెంట్‌కి ఆయన దగ్గర చుట్టమే. ఆయన కూతురు అమ్మంగదేవి భర్తే, నన్నయగారిని పోషించిన రాజరాజనరేంద్రుడు. ఈ ఆట కన్సోల్‌కి వచ్చింది 2023లో.

అయితే ఇప్పుడు కంప్యూటరే ముద్దుబిడ్డా? అలా అనుకోవడానికీ లేదు. 2023లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని దాదాపు 6,900 కోట్ల డాలర్ల బేరంలో కొన్నాక, మైక్రోసాఫ్ట్‌కి కావలసింది ఆటలు ఎక్కువమందికి చేరడం, నెలనెలా చందా రావడం. పెట్టె ఏదైనా పర్వాలేదు. ఆ చందా కూడా ఒకేచోట ఉండదు. 2025 అక్టోబరులో గేమ్ పాస్ పై తరగతి ధరని అమెరికాలో నెలకి 20 డాలర్ల నుంచి 30కి పెంచారు. చందా ఆపితే అందులోని ఆటలు మన చేతిలో ఉండవు.

మామయ్యకి చెప్పిన జవాబు

ఫోన్ చేసి ఇలా చెప్పాను. "మామయ్యా, ఆ కంపెనీ దేన్ని బాగా చూసుకుంటుందని చూడకు. డబ్బు ఎటు వస్తే అటు చూస్తుంది, రేపు మళ్ళీ మారుతుంది. అది మాట మారిస్తే మన చేతిలో ఏం మిగులుతుందో చూడు. ఎక్స్‌బాక్స్‌లో కొట్టు ఒక్కటే. కంప్యూటర్‌లో ఒక కొట్టు మూస్తే ఇంకో కొట్టుంటుంది, ఆటలే మానేసినా చదువు ఉంటుంది. కానీ ఒకటి నిజం. కొత్త పెద్ద ఆటలే కావాలంటే, అంత గట్టి కంప్యూటర్ కంటే ఎక్స్‌బాక్సే చవక. అది దాచి చెప్పకూడదు."

పక్కనుంచి అత్తయ్య, "అయితే కంప్యూటరే" అనేసింది. వాడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడట. ఇప్పుడు రాజేంద్ర చోళుడితో కడారం మీదికి వెళ్తున్నాడు. ఆ పక్కనే వాడి చెల్లెలు, ఏడో తరగతి పిల్ల, తన వంతు కోసం కాచుకుని ఉంటోందట. నన్ను అడిగితే ఆ వంతే ముఖ్యం. అబ్బాయి ఆడుకోవడానికి కొన్న పెట్టె అబ్బాయిదే అవుతుంది. చదువు కోసమని కొన్న కంప్యూటర్ దగ్గరికి రావడానికి అమ్మాయి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. నేనూ అలా వచ్చినదాన్నే, అన్నయ్య చదువుకని కొన్న కంప్యూటర్ దగ్గరికి.