మజిలీకొక చీటీ

గుంటూరులో అరుగుమీద కూర్చున్న అవ్వ డాలస్‌లోని మనుమరాలిని ఫోనులో పిలిచి ‘ఏమే, తిన్నావా?’ అని అడిగినపుడు, ఆ మాట చిన్నచిన్న ముక్కలై, ఒక్కొక్క ముక్కయు రెండేసి చిరునామాల చీటీలు ధరించి బయలుదేరును. ఒకటి తుది గమ్యమును తెలుపును. రెండవది తరువాతి మజిలీని మాత్రమే తెలుపును.

మొదటిది ఐపీ చిరునామా. రెండవది మ్యాక్ చిరునామా. 48 బిట్ల ఈ సంఖ్య యంత్రము కర్మాగారమున పుట్టునపుడే దానికి అంటగట్టబడును. అందు తొలి 24 బిట్లు తయారీదారుని తెలుపగా తక్కినవి ఆ యంత్రమునకే చెందును. అనగా తెలుగువారి పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక! రైలు తపాలా సంచులను చూచినవారికి ఈ ద్వంద్వము వింత గాదు. కార్డుమీది చిరునామా గుమ్మము చేరువరకు మారదు. సంచికి గట్టిన చీటీ మాత్రము బెజవాడలో ఒకటి తెగి, కాజీపేటలో మరొకటి ముడిపడుచుండెడిది.

తరువాతి మజిలీ మ్యాక్ చిరునామా ఫోనునకు తెలియు విధము కడు ముచ్చటైనది. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ ప్రకటించిన ఏఆర్‌పీ అను ఆ పద్ధతి, నిజమునకు, వీధినడుమ నిలిచి కేకవేయుటయే. ‘192.168.1.1 అను ఐపీ గలవారెవరు?’ అని ఫోను ఇంటిలోని యంత్రములన్నిటిని అడుగును. టీవీయు ల్యాప్‌టాపును విని ఊరకుండగా, కిటికీకడ పచ్చదీపము మినుకుమినుకుమను రూటరు మాత్రము ‘నేనే, నా మ్యాక్ ఇది’ అని బదులు పలుకును. ఫోను దానిని కొంతసేపు చిట్టాలో ఉంచుకొనును. పలికినవాడు సత్యమే పలికెనా యని విచారించు ఏర్పాటు అందులో లేనేలేదు. దొంగయు ‘నేనే’ యనవచ్చును, ఉత్తరములు వాని యింటికే పోవును. ఒకరినొకరు ఎరిగినవారి పేటకు చాలిన ఈ మర్యాదను రైల్వే స్టేషను వైఫైలో సైతము నమ్ముకొనుట నా దృష్టిలో అమాయకత్వమే.

పిదప ప్రతి రూటరును పాత మ్యాక్ చీటీని చించి, క్రొత్తది కట్టి ముందుకు త్రోయును. పిన్‌కోడున మొదటి అంకె 5 కనబడగానే ఢిల్లీ గుమాస్తా వీధిపేరు చదువకయే సంచిని ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల దిక్కునకు పంపునట్లు, రూటరును ఐపీ సంఖ్య మొదటి భాగమునే చూచి దిక్కు నిర్ణయించును. దారి యంతయు ఎరిగిన రూటరు లోకమున లేదు. దారితప్పిన ముక్క కలకాలము తిరుగాడకుండ, మజిలీకొకటి చొప్పున తరుగు ఆయుస్సు దానిపై లిఖింపబడియుండును; సున్నకు చేరినచో పారవేయుదురు.

1981 నాటి ఐపీ చిరునామా 32 బిట్లది. అందు ఇముడునవి 429 కోట్ల చిల్లర మాత్రమే. ప్రపంచ భాండారమున మిగిలిన కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచబడి ముగిసెను. చిరునామాల కొరతచేతనే ఇంటిల్లిపాది యంత్రములకును వీధిలో ఒకే సంఖ్య చాలునట్లు రూటరు పంపువాని చిరునామాను దిద్దుచుండును. 128 బిట్ల ఆరవ కూర్పు వచ్చి చాలకాలమైనను పాతది ఇంకను పోలేదు.

కర్మాగారమున అంటిన మ్యాక్ మాత్రము మామూలుగా మారదు గనుక, ఏ దుకాణమున ఎవరు తిరిగిరో దానివలన పసిగట్టుట సులభమయ్యెను. అందువలన నేటి ఫోనులు ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క మారుపేరు చెప్పుచున్నవి. మీ ఫోను వైఫై అమరికలలో ఆ సదుపాయము కనబడినచో దానిని ఆర్పివేయకుడు.